మీ సర్క్యూట్‌కు సరిపడే ఆప్ ఆంప్ చిప్‌ను పోల్చి ఎంచుకోవడం ఎలా?

ఒక వేసవిలో ఒక డిప్లొమా విద్యార్థి తాను తయారు చేసుకున్న డిజిటల్ థర్మామీటరును నా దగ్గరకు తెచ్చాడు. ఉదయం ఎనిమిది గంటలకు అది 31, 32 డిగ్రీలు సరిగ్గానే చూపిస్తుంది. ఎండ ముదిరాక మాత్రం 36 దగ్గర ఆగిపోతుంది; బయట 42 డిగ్రీలు మండుతున్నా అక్కడి నుంచి కదలదు. లోపం తన ప్రోగ్రాములో ఉందనుకుని అతను మూడు రోజులు ప్రతి వరుసా వెతికాడు. ప్రోగ్రాములో ఏ తప్పూ లేదు. సెన్సరుగా వాడిన ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని పది రెట్లు పెంచడానికి అతను 5 వోల్టుల సరఫరా మీద ఎల్ఎం358 అనే ఆప్ ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫైయర్, అంటే చిన్న వోల్టేజిని కావలసినన్ని రెట్లు పెంచే చిప్పు) పెట్టాడు. 42 డిగ్రీలకు ఔట్‌పుట్ 4.2 వోల్టులకు చేరాలి. కానీ ఎల్ఎం358 ఔట్‌పుట్ తన సరఫరా కంటే దాదాపు 1.5 వోల్టుల కిందే ఆగిపోతుంది. అంటే మూడున్నర వోల్టులు దాటాక దానికి పైకి వెళ్లే దారి లేదు.

ఎల్ఎం358 మంచి చిప్పే, ఆ పనికి మాత్రం తగినది కాదు. ఆప్ ఆంప్ ఎంపికలో జరిగే పొరపాట్లు చాలావరకు ఇలాంటివే. చేతిలో ఉన్న చిప్పుతోనో, ఎక్కడో చూసిన బొమ్మలోని చిప్పుతోనో మొదలుపెట్టి, దానికి తగ్గట్టు సర్క్యూట్‌ను సర్దుకుంటూ పోతాము. నేను చెప్పబోయే పద్ధతి దీనికి తలకిందులుగా నడుస్తుంది: ముందు సర్క్యూట్ ఏమి అడుగుతున్నదో రాసుకోవాలి, ఆ తరువాతే చిప్పుల డేటాషీట్లు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రాలు) తెరవాలి.

మొదటి అడుగు: అవసరాన్ని కాగితం మీద పెట్టండి

ఒక తెల్ల కాగితం తీసుకుని, మీ సంకేతం అతి తక్కువగా ఎంత ఉంటుంది, అతి ఎక్కువగా ఎంత ఉంటుంది, అది ఎంత నిరోధం ఉన్న మూలం నుంచి వస్తున్నది, అందులోని అత్యధిక ఫ్రీక్వెన్సీ ఎంత, ఔట్‌పుట్‌లో మీకు ఎన్ని వోల్టులు కావాలి, మీ దగ్గర ఉన్న సరఫరా ఏమిటి, ఔట్‌పుట్ దేనికి కలుస్తుంది అన్న ప్రశ్నలకు అంకెలతో జవాబులు రాయండి. "చిన్న సంకేతం" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "0 నుంచి 16 మిల్లీవోల్టులు" అని రాస్తే అది సగం ఎంపికను అక్కడికక్కడే చేసిపెడుతుంది. ఏదైనా అంకె తెలియకపోతే మల్టీమీటరుతో కొలవండి, లేదా సెన్సరు డేటాషీట్‌లో వెతకండి. ఈ పనికి పావుగంటకు మించి పట్టదు.

ఇంకో చిన్న ప్రశ్న కూడా చేర్చండి: నెమ్మదిగా మారే డీసీ విలువ మీకు ముఖ్యమా, లేక ఏసీ సంకేతం మాత్రమే ముఖ్యమా? ఉష్ణోగ్రత, బరువు, పీడనం కొలిచేవారికి డీసీ ప్రాణం. సంగీతం, మాట పెంచేవారు డీసీని ఒక కెపాసిటరుతో ఆపేస్తారు కనుక, వారికి దోషాల జాబితా పూర్తిగా మారిపోతుంది.

రెండో అడుగు: సరఫరాతో వడపోయండి

ఎక్కువ చిప్పులు రాలిపోయే జల్లెడ ఇదే కాబట్టి దీన్నే ముందు వాడండి. ఇక్కడ మూడు వేర్వేరు హద్దులను చూడాలి. చిప్పు ఎన్ని వోల్టుల సరఫరా మీద పనిచేస్తుంది అన్నది ఒకటి. దాని ఇన్‌పుట్ ఏ వోల్టేజి నుంచి ఏ వోల్టేజి దాకా ఉండవచ్చు అన్నది రెండోది. దాని ఔట్‌పుట్ సరఫరా అంచులకు ఎంత దగ్గరగా వెళ్లగలదు అన్నది మూడోది. మొదటి హద్దును అందరూ చూస్తారు, తక్కిన రెండింటినీ వదిలేస్తారు. ఆ విద్యార్థిని దెబ్బతీసింది మూడో హద్దు.

741నే తీసుకోండి. 1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో డేవ్ ఫుల్లాగర్ రూపొందించిన ఈ చిప్పు, స్థిరత్వానికి అవసరమైన కెపాసిటరును లోపలే పెట్టుకుని వచ్చినందువల్ల వాడుకరులకు ఎంతో తేలికైంది. అంతకుముందు 709 వంటి చిప్పులకు ఆ భాగాలను బయట కలపవలసి వచ్చేది. మన ఇంజనీరింగ్ కళాశాలల లీనియర్ ఐసీ ల్యాబుల్లో మొదట చేతికి వచ్చేది ఇప్పటికీ ఇదే. అయితే అది ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల సరఫరా కోసం పుట్టిన చిప్పు. దాని ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ సరఫరా అంచులకు కనీసం ఒకటి రెండు వోల్టుల దూరంలో ఉండాలి. ల్యాబులో నేర్చుకున్న సర్క్యూట్‌ను ఇంటికి తెచ్చి 5 వోల్టుల మీద నడిపిస్తే అది మొండికేయడానికి కారణం ఇదే.

ఎల్ఎం358, దాని నాలుగు ఆంప్‌ల తోబుట్టువైన ఎల్ఎం324 వేరే ఆలోచనతో తయారయ్యాయి. ఇవి 3 నుంచి 32 వోల్టుల సింగిల్ సప్లై (మైనస్ వోల్టేజి లేకుండా ప్లస్, గ్రౌండ్ మాత్రమే ఉన్న సరఫరా) మీద నడుస్తాయి. ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా దిగవచ్చు, ఔట్‌పుట్ కూడా గ్రౌండ్‌కు చాలా దగ్గరగా దిగుతుంది. పై అంచు వైపు మాత్రం ఒకటిన్నర వోల్టు వదులుకోవాలి. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే సర్క్యూట్‌కు ఇది లెక్కలోకి రాని నష్టం. 5 వోల్టుల మీద అది దాదాపు మూడో వంతు.

5 వోల్టులు, 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ పక్కన పనిచేసే చిప్పు కావాలంటే 'రైల్ టు రైల్' (సరఫరా రెండు అంచుల దాకా) అని రాసి ఉన్నవాటిలో వెతకండి. అయితే ఆ మాటను కూడా పరీక్షించి చూడాలి. కొన్ని చిప్పులకు ఔట్‌పుట్ మాత్రమే రైల్ టు రైల్ ఉంటుంది, ఇన్‌పుట్ ఉండదు, ఎల్ఎంవీ358 అటువంటిది. ఎంసీపీ6002కు రెండూ ఉన్నాయి, అది 1.8 నుంచి 6 వోల్టుల మధ్య నడుస్తుంది. పిన్నుల అమరిక ఎల్ఎం358దే కనుక, ఆ విద్యార్థి సాకెట్‌లోంచి పాతది తీసి కొత్తది పెట్టగానే థర్మామీటరు 40 దాటింది. ఇదే చిప్పును 9 వోల్టుల బ్యాటరీకి కలిపితే మాత్రం కాలిపోతుంది. కాబట్టి తక్కువ వోల్టేజి చిప్పు ఎంచుకున్నప్పుడు సర్క్యూట్‌లో దానికి ఎక్కడి నుంచైనా ఎక్కువ వోల్టేజి తగిలే అవకాశం ఉందా అని ఒకసారి చూడండి.

రైల్ టు రైల్ అన్నా సరిగ్గా సున్నా దాకా అని అర్థం కాదు. కొన్ని మిల్లీవోల్టుల నుంచి కొన్ని పదుల మిల్లీవోల్టుల దాకా ఖాళీ మిగిలిపోతుంది. మీ కొలతలో సున్నా దగ్గరి విలువలు ముఖ్యమైతే, సంకేతాన్ని కొంచెం పైకి జరిపి కొలిచి, తరువాత ప్రోగ్రాములో తీసివేయడం మంచిది.

టీఎల్072 వాడేవారికి ఒక హెచ్చరిక. ఈ చిప్పు పాత రకంలో ఇన్‌పుట్ మైనస్ సరఫరాకు మరీ దగ్గరగా వెళ్తే ఔట్‌పుట్ కిందికి దిగాల్సింది పోయి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. డ్యూయల్ (ప్లస్, మైనస్) సప్లై మీద, ఇన్‌పుట్ మధ్యలో ఉండే ఆడియో పనిలో ఇది కనిపించదు. సింగిల్ సప్లై మీద గ్రౌండ్ దగ్గర సంకేతాన్ని ఇచ్చినవారికి మాత్రం ఇది చాలా ఇబ్బంది పెడుతుంది.

మూడో అడుగు: డీసీ ముఖ్యమైతే ఆఫ్‌సెట్‌ను డిగ్రీల్లోకి, గ్రాముల్లోకి మార్చి చూడండి

ఆప్ ఆంప్ రెండు ఇన్‌పుట్‌లనూ ఒకే చోట కలిపినా, లోపల ట్రాన్సిస్టర్ల మధ్య ఉండే స్వల్ప తేడా వల్ల, వాటి మధ్య కొద్ది వోల్టేజి ఉన్నట్టే చిప్పు భావిస్తుంది. దాన్నే ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ అంటారు. ఇది మీ సంకేతంతో పాటు అంతే రెట్లు పెరుగుతుంది. డేటాషీట్‌లో "3 మిల్లీవోల్టులు" అని చదివితే అది చిన్నదో పెద్దదో తెలియదు. దాన్ని మీరు కొలిచే వస్తువు ప్రమాణంలోకి మార్చినప్పుడే తెలుస్తుంది.

ఒక నిజమైన అవసరాన్ని చూద్దాం. చిన్న కొలిమి ఉష్ణోగ్రతను రెండు లోహపు తీగలను కలిపిన సెన్సరైన కె రకం థర్మోకపుల్‌తో 400 డిగ్రీల దాకా కొలవాలి, ఉన్నది 5 వోల్టుల సరఫరా. ఈ థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది, 400 డిగ్రీలకు దాదాపు 16.4 మిల్లీవోల్టులు. దాన్ని 3 వోల్టులు చేయడానికి గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) సుమారు 183 కావాలి.

ఎల్ఎం358 ఆఫ్‌సెట్ సాధారణంగా 2 నుంచి 3 మిల్లీవోల్టులు, గరిష్ఠంగా 7. మూడు మిల్లీవోల్టులను 41 మైక్రోవోల్టులతో భాగించండి: 73 డిగ్రీల దోషం వస్తుంది. ఏడు అయితే 170 డిగ్రీలు. ఒకసారి కొలిచి ప్రోగ్రాములో తీసివేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తీసివేయవచ్చు, కానీ ఆఫ్‌సెట్ వేడితో మారుతుంది. ఎల్ఎం358కు అది డిగ్రీకి 7 మైక్రోవోల్టుల చొప్పున ఉంటుంది. తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ గదిలో 15 డిగ్రీల తేడా వస్తే 105 మైక్రోవోల్టులు, అంటే రెండున్నర డిగ్రీల దోషం. కొలిమికి అది సరిపోవచ్చు, పాలు కాచే యంత్రానికి సరిపోదు. ఆ తీర్పు మీదే, కానీ దాన్ని లెక్క చేసి ఇవ్వండి.

ఇప్పుడు ఓపీ07 చూడండి. ఓపీ07సీ ఆఫ్‌సెట్ సాధారణంగా 60 మైక్రోవోల్టులు, అంటే ఒకటిన్నర డిగ్రీ. డ్రిఫ్ట్, అంటే వేడితో ఆఫ్‌సెట్ మారడం, డిగ్రీకి అర మైక్రోవోల్టు. ఈ అంకెలు చూడగానే ఎవరైనా అదే కొనుక్కుంటారు. అయితే మొదటి అడుగులో రాసుకున్న కాగితాన్ని మళ్లీ చూడండి: ఉన్నది 5 వోల్టుల సింగిల్ సప్లై. ఓపీ07 ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా దిగలేదు, ఔట్‌పుట్ కూడా అంచులకు దూరంగానే ఉంటుంది. ప్లస్ మైనస్ సరఫరా ఏర్పాటు చేసుకోగలిగితే ఓపీ07 చక్కని ఎంపిక, లేకపోతే పేరు ఎంత గొప్పదైనా పక్కన పెట్టవలసిందే.

ఇటువంటి చోటికి 'జీరో డ్రిఫ్ట్' రకం చిప్పులు పుట్టాయి. ఇవి తమ ఆఫ్‌సెట్‌ను తామే క్షణక్షణం కొలుచుకుని సరిచేసుకుంటాయి. ఓపీఏ333 గరిష్ఠ ఆఫ్‌సెట్ 10 మైక్రోవోల్టులు, అంటే పావు డిగ్రీ, అది 1.8 నుంచి 5.5 వోల్టుల మీద నడుస్తుంది, ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ రైల్ టు రైల్. దాని గెయిన్ బ్యాండ్‌విడ్త్ (ఐదో అడుగులో వివరించే వేగం కొలత) 350 కిలోహెర్ట్జ్ మాత్రమే, కానీ గెయిన్ 183 వద్ద అది దాదాపు 1.9 కిలోహెర్ట్జ్ ఇస్తుంది. సెకనుకు ఒకసారి మారే ఉష్ణోగ్రతకు అంతకంటే ఏమి కావాలి? ఈ సర్క్యూట్‌కు నా ఎంపిక ఇదే. థర్మోకపుల్ తన రెండు కొసల మధ్య తేడాను మాత్రమే చెబుతుంది కనుక, చల్లని కొస దగ్గర ఒక ఎల్ఎం35 పెట్టి ఆ ఉష్ణోగ్రతను కలపడం మరవకండి.

బరువు కొలిచే సెన్సరైన లోడ్ సెల్ విషయం కొంచెం వేరు. వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇచ్చే లోడ్ సెల్‌కు 5 వోల్టులు ఇస్తే, పూర్తి బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులు, అది కూడా 2.5 వోల్టుల మీద కూర్చుని వస్తుంది. మామూలు ఆప్ ఆంప్ ఒక్కటే ఆ తేడాను శుభ్రంగా విడదీయలేదు. ఏడీ620 వంటి ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫైయర్ అందుకోసం ఉంది. దాని గెయిన్‌ను ఒక్క రెసిస్టరుతో నిర్ణయించవచ్చు, 49.4 కిలో ఓములను ఆ రెసిస్టరు విలువతో భాగించి ఒకటి కలిపితే గెయిన్ వస్తుంది. మీరు చేస్తున్నది కేవలం తూకం యంత్రమే అయితే, యాంప్లిఫైయర్, వోల్టేజిని అంకెగా మార్చే 24 బిట్ల కన్వర్టర్ కలిసి ఉన్న హెచ్ఎక్స్711 బోర్డును తీసుకోండి. అక్కడ ఆప్ ఆంప్‌తో శ్రమపడటం అనవసరం.

నాలుగో అడుగు: మూలం నిరోధాన్ని చూసి బయాస్ కరెంటు, నాయిస్ పోల్చండి

ఆప్ ఆంప్ ఇన్‌పుట్ ఆదర్శంగా కరెంటేమీ తీసుకోకూడదు. నిజానికి ప్రతి చిప్పూ ఎంతో కొంత తీసుకుంటుంది, లేదా బయటికి పంపుతుంది; దీన్నే బయాస్ కరెంటు అంటారు. ఆ కరెంటు మూలం నిరోధం గుండా పారినప్పుడు ఓమ్ సూత్రం ప్రకారం వోల్టేజిగా మారుతుంది. 741కు ఈ కరెంటు సాధారణంగా 80 నానో ఆంపియర్లు, ఎల్ఎం358కు సుమారు 45, ఎన్ఈ5532కు 200. టీఎల్072 ఇన్‌పుట్‌లో జేఫెట్ (దాదాపు కరెంటు తీసుకోని రకం ట్రాన్సిస్టరు) ఉండటం వల్ల అది 65 పికో ఆంపియర్లకు పడిపోతుంది. ఎంసీపీ6002కు గది ఉష్ణోగ్రత వద్ద అది ఒక పికో ఆంపియరే.

వీణకు అతికించే కాంటాక్ట్ మైక్ ఉదాహరణగా తీసుకుందాం. లోపల ఉండేది కంపనాన్ని వోల్టేజిగా మార్చే పీజో బిళ్ల. దాని మంద్ర స్వరాలు పోకుండా ఉండాలంటే యాంప్లిఫైయర్ ఇన్‌పుట్ దగ్గర కనీసం ఒక మెగా ఓము రెసిస్టరు పెట్టాలి. ఆడియోకు మేలైన చిప్పు అన్న పేరు విని అక్కడ ఎన్ఈ5532 పెట్టారనుకోండి. 200 నానో ఆంపియర్లు ఒక మెగా ఓము గుండా పారితే 0.2 వోల్టు. గెయిన్ 20 అయితే, ఫీడ్‌బ్యాక్ దారిలో డీసీని ఆపే కెపాసిటరు లేనప్పుడు, ఔట్‌పుట్ నాలుగు వోల్టులు పక్కకు ఒరిగిపోతుంది. తీగ మీటినప్పుడల్లా ఒక వైపు కోత పడుతుంది. టీఎల్072కు అదే లెక్క 65 మైక్రోవోల్టులు మాత్రమే.

నాయిస్, అంటే చిప్పు తనే సంకేతానికి కలిపే రొద, లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. డేటాషీట్‌లో ఎన్ఈ5532 వోల్టేజి నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు 5 నానోవోల్టులు, టీఎల్072ది 18. పైకి చూస్తే మొదటిదే గెలిచింది. కానీ ప్రతి చిప్పుకూ కరెంటు నాయిస్ అని ఇంకొకటి ఉంటుంది, అది మూలం నిరోధంతో గుణించుకుని వస్తుంది. ఎన్ఈ5532కు అది 0.7 పికో ఆంపియర్లు. స్థూలంగా లెక్కవేస్తే ఒక మెగా ఓము మీద 700 నానోవోల్టులు అవుతుంది. అదే 600 ఓముల డైనమిక్ మైక్ మీద అర నానోవోల్టు కూడా కాదు. అందుకే సభలో పాడే మైక్‌కు ఎన్ఈ5532, వీణ మీది పీజోకు టీఎల్072 అని నేను నిస్సంకోచంగా చెబుతాను. మూలం మారితే గెలిచే చిప్పు మారుతుంది; "తక్కువ నాయిస్ చిప్పు ఏది?" అని అడిగేవారికి మూలం ఏమిటో తెలియకుండా జవాబు చెప్పలేము.

రెసిస్టర్లు కూడా నాయిస్ ఇస్తాయి. గది ఉష్ణోగ్రత వద్ద ఒక కిలో ఓము రూట్ హెర్ట్జ్‌కు 4 నానోవోల్టులు, వంద కిలో ఓములు 40 ఇస్తాయి. ఖరీదైన చిప్పు తెచ్చి, దాని గెయిన్ రెసిస్టర్లు వంద కిలో ఓముల్లో పెట్టుకుంటే ఆ ఖర్చు వృథా.

ఐదో అడుగు: వేగం సరిపోతుందా?

ఇక్కడ రెండు అంకెలు. గెయిన్ బ్యాండ్‌విడ్త్‌ను మీ గెయిన్‌తో భాగిస్తే చిప్పు ఎంత ఫ్రీక్వెన్సీ దాకా పెంచగలదో తెలుస్తుంది. ఒక మెగాహెర్ట్జ్ ఉన్న 741ను వంద రెట్ల గెయిన్‌లో పెడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గరే సన్నగిల్లుతుంది. 10 మెగాహెర్ట్జ్ ఉన్న ఎన్ఈ5532 అదే గెయిన్‌లో వంద కిలోహెర్ట్జ్ దాకా నిలబడుతుంది. మీకు కావలసినదానికి కనీసం ఐదు రెట్లు, వీలైతే పది రెట్లు ఉండేలా చూసుకోండి.

రెండోది స్లూ రేట్, అంటే ఔట్‌పుట్ ఒక మైక్రోసెకనులో ఎన్ని వోల్టులు మారగలదన్నది. ఫ్రీక్వెన్సీని గరిష్ఠ వోల్టేజితోనూ, 6.28తోనూ గుణించండి. 20 కిలోహెర్ట్జ్ వద్ద 10 వోల్టుల శిఖరం కావాలంటే మైక్రోసెకనుకు 1.26 వోల్టులు కావాలి. 741కు ఉన్నది 0.5. ఆసిలోస్కోప్‌లో గుండ్రంగా ఉండవలసిన అల త్రికోణంగా కనిపిస్తే కారణం ఇదేనని అనుకోండి. టీఎల్072కు 13, ఎన్ఈ5532కు 9 ఉన్నాయి కనుక ఆడియోలో వాటితో ఈ చింత లేదు.

వేగం అవసరానికి మించి ఉండటం కూడా మంచిది కాదు. వేగవంతమైన చిప్పు బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చే పలక) మీద తనంతట తాను ఊగిసలాడటం, అంటే సంకేతం లేకుండానే అలలు పుట్టించడం, మొదలుపెడుతుంది.

ఆరో అడుగు: డేటాషీట్‌ను చదవవలసిన తీరు

పట్టికలో 'టిపికల్', 'మాగ్జిమమ్' అని రెండు నిలువు వరుసలు ఉంటాయి. ఒక్క నమూనా చేసుకునేవారు మొదటిదాన్ని చూసినా ఫరవాలేదు. పది బోర్డులు చేసి ఎవరికైనా ఇచ్చేవారు రెండోదాన్నే నమ్మాలి, ఎందుకంటే తయారీదారు హామీ ఇచ్చేది దానికే. రెండు చిప్పులను పోల్చేటప్పుడు ఒకదాని టిపికల్‌ను మరొకదాని మాగ్జిమమ్ పక్కన పెట్టకండి. ఏ సరఫరా మీద, ఏ లోడ్ మీద కొలిచారో పట్టిక పైన రాసి ఉంటుంది, అది కూడా ఒకటే కావాలి. 'అబ్సల్యూట్ మాగ్జిమమ్' పట్టిక చిప్పు చనిపోయే హద్దును చెబుతుంది, పనిచేసే హద్దును కాదు.

పేరు చివరి అక్షరాన్ని వదలకండి. ఎల్ఎం358కు గరిష్ఠ ఆఫ్‌సెట్ 7 మిల్లీవోల్టులైతే, ఎల్ఎం358ఎకు 3 మాత్రమే. అలాగే ఎల్ఎం158, 258, 358 అన్నవి ఒకే చిప్పుకు మూడు ఉష్ణోగ్రతా శ్రేణులు: మొదటిది మైనస్ 55 నుంచి 125 డిగ్రీలు, రెండోది మైనస్ 25 నుంచి 85, మూడోది 0 నుంచి 70. పొలంలో మోటారు పక్కన, ఎండలో ఉండే ఇనుప డబ్బాలో పెట్టే సర్క్యూట్ అయితే మే నెలలో లోపలి వేడి 70కి ఎంత దూరంలో ఉంటుందో ముందు ఒక థర్మామీటరు పెట్టి కొలవండి, ఆ తరువాత శ్రేణి ఎంచుకోండి.

ఏడో అడుగు: ఔట్‌పుట్ ఏమి మోయాలి?

మామూలు ఆప్ ఆంప్ కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వదు. స్పీకరు నడపాలంటే దాని వెనుక పవర్ యాంప్లిఫైయర్ చిప్పు ఉండాలి. చిన్న రేడియో పనికి ఎల్ఎం386 చాలు, దాని గెయిన్ 20. 1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే 200. ఇంకాస్త శబ్దం కావాలంటే టీడీఏ2030, దానికి మంచి హీట్‌సింక్ తప్పనిసరి. 5 వోల్టుల మీద నడిచే పీఏఎం8403 వేడెక్కదు, కానీ దాని స్పీకరు తీగలు రెండింటిలో ఏదీ గ్రౌండ్‌కు తగలకూడదు.

పొడవాటి కేబుల్ కూడా ఒక కెపాసిటరే. దాన్ని నేరుగా ఔట్‌పుట్‌కు కలిపితే చాలా ఆప్ ఆంప్‌లు ఊగుతాయి. మధ్యలో 50 నుంచి 100 ఓముల రెసిస్టరు పెట్టండి. కొన్ని చిప్పులు తక్కువ గెయిన్‌లో అసలు స్థిరంగా ఉండవు: ఎన్ఈ5534కు బయట కెపాసిటరు పెట్టకపోతే కనీసం మూడు, ఓపీ37కు కనీసం ఐదు రెట్ల గెయిన్ కావాలి. ఓపీ27 చేయగల పనిలో ఓపీ37 పెట్టి, అది ఎందుకు ఊగుతున్నదో తెలియక తలపట్టుకున్నవారిని నేను చూశాను.

ఎనిమిదో అడుగు: దొరికేవాటిలోంచి రెండింటిని మిగుల్చుకోండి

ఇక్కడికి వచ్చేసరికి మీ జాబితాలో మూడు నాలుగు పేర్లకు మించి ఉండవు. వాటిలో హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ వంటి చోట చేతికి దొరికేవి ఏవి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసినవి ఏవి అని చూడండి. ఎల్ఎం358, ఎల్ఎం324, టీఎల్072, ఎన్ఈ5532, 741 ఎక్కడైనా దొరుకుతాయి. జీరో డ్రిఫ్ట్ చిప్పులు చాలావరకు బోర్డు ఉపరితలానికి అతికే చిన్న ప్యాకేజీల్లోనే వస్తాయి. బ్రెడ్‌బోర్డు మీద పెట్టాలంటే అడాప్టర్ పలక మీద టంకం వేసుకోవాలి. కనుక చిప్పుతో పాటు ప్యాకేజీ పేరు కూడా రాసుకోండి.

ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేటప్పుడు పిన్నులు కలిసినంత మాత్రాన ధైర్యపడకండి. ఎల్ఎం393, ఎల్ఎం358 పిన్నులు ఒకటే, కానీ మొదటిది కంపేరేటర్, అంటే రెండు వోల్టేజిల్లో ఏది ఎక్కువో మాత్రమే చెప్పే చిప్పు. దాని ఔట్‌పుట్ తనంతట తాను పైకి రాలేదు, బయట ఒక పుల్ అప్ రెసిస్టరు కావాలి. 741 తీసి ఓపీ07 పెట్టేవారు ఆఫ్‌సెట్ సర్దే పొటెన్షియోమీటర్ను కూడా మార్చాలి: 741కు అది 1, 5 పిన్నుల మధ్య ఉండి నడిమి కాలు మైనస్ సరఫరాకు వెళ్తుంది, ఓపీ07కు 1, 8 పిన్నుల మధ్య ఉండి ప్లస్ సరఫరాకు వెళ్తుంది.

తొమ్మిదో అడుగు: కొన్నది నిజమైనదేనా, సరిపోయిందా అని కొలవండి

పేరు మార్చి ముద్ర వేసిన చిప్పులు బజారులో ఉన్నాయి. టీఎల్072 అసలైనదో కాదో ఒక మల్టీమీటరు, రెండు 9 వోల్టుల బ్యాటరీలతో తేల్చవచ్చు. బ్యాటరీలతో ప్లస్ 9, మైనస్ 9 వోల్టులు ఇచ్చి, ఔట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు కలపండి. ప్లస్ ఇన్‌పుట్‌ను ఒక మెగా ఓము ద్వారా గ్రౌండ్‌కు కలిపి ఔట్‌పుట్ కొలవండి. తరువాత ఆ రెసిస్టరును ఒక తీగతో షార్ట్ చేసి మళ్లీ కొలవండి. రెండు కొలతల మధ్య తేడా మీటరు పట్టుకోలేనంత చిన్నదైతే అది జేఫెట్ చిప్పే. నేను ఒకసారి కొన్న డజనులో నాలుగింటికి ఈ తేడా 130 మిల్లీవోల్టుల దాకా వచ్చింది. అంటే 130 నానో ఆంపియర్లు. 4558 వంటి బైపోలార్ (ఇన్‌పుట్‌లో జేఫెట్ లేని, మామూలు ట్రాన్సిస్టర్ల) చిప్పు లక్షణం అది. పైన ముద్ర మాత్రం ఎంతో చక్కగా టీఎల్072 అని ఉంది.

అసలు సర్క్యూట్‌ను పరీక్షించే ముందు ప్రతి చిప్పు సరఫరా పిన్నుల పక్కనే 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరును పెట్టండి. జంట చిప్పులో ఒక ఆంప్ వాడకపోతే దాన్ని గాలికి వదలకుండా, ఔట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు, ప్లస్ ఇన్‌పుట్‌ను సరఫరా మధ్య వోల్టేజికి కలపండి. తరువాత మొదటి అడుగులో రాసిన కాగితాన్ని తెచ్చి, సంకేతం అతి తక్కువ విలువ, అతి ఎక్కువ విలువ రెండూ ఇచ్చి ఔట్‌పుట్ కొలవండి. మధ్య విలువ ఒక్కటే ఇచ్చి సరిపోయిందనుకోకండి. ఆ థర్మామీటరు 32 డిగ్రీల దగ్గర ఏ లోపమూ లేకుండానే పనిచేసింది.

అంతా సరిపోయాక సర్క్యూట్ బొమ్మ మీద చిప్పు పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా రాసి, దాని కింద బదులుగా ఏది పెట్టవచ్చో, ఏది పెట్టకూడదో, ఎందుకో కూడా రాయండి. రెండేళ్ల తరువాత ఆ బోర్డును బాగుచేసేవారు వేరొకరు కావచ్చు. ఆ విద్యార్థి తన బొమ్మ మీద ఎర్ర సిరాతో ఇలా రాసుకున్నాడు: "ఎంసీపీ6002. ఎల్ఎం358 పెట్టవద్దు, 35 డిగ్రీలు దాటితే ఆగిపోతుంది."